గీత మీద ఇల్లు

పీర్ల ఊరేగింపు సాగర్ రోడ్డు దాటి వాగు వైపు మళ్ళింది. డప్పుల మోత పలచబడింది. ఆ మోత కింద ఇంకో చప్పుడు వినబడేసరికి మంజుల చేతిలోని చీపురు జారిపోయింది.

జేసీబీ.

ఆ మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం చావిడి బస్తీలో మనుషులు లేరు. మొహర్రం పదో రోజు. పంజా గుర్తున్న లోహపు పీరును వాగులో కడిగి, గుడ్డ చుట్టి, ఏడాదిదాకా పెట్టెలో పెట్టే రోజు. హిందువులూ ముసల్మానులూ పిల్లాజెల్లాతో సహా పీరు వెంట పోయారు. మంజుల పోలేదు. అత్త సుక్కమ్మ చనిపోయి వారం కాలేదు. మైల ఇంటివాళ్ళు పీరు దగ్గరికీ పోరు, నిప్పుల గుండం దగ్గరికీ పోరు. ఆమె భర్త రత్నాకర్ దినాల సామాను కోసం హయత్‌నగర్ పోయాడు.

పొద్దున హాషం వచ్చి గేటు అవతలే నిలబడ్డాడు. పీర్ల చావిడిలో పీరు సేవ చేసే ముజావర్ అతనే. పీరును భుజాన ఎత్తుకునేదీ అతనే.

"అక్కా, అమ్మ మోకాళ్ళు పట్టేసినయ్. వాగు దాంక రాలేనంటున్నది. జర సూస్తుండు."

"ఫికర్ చెయ్యకు. నువ్వు పీరును జారిడ్వకు, గంతే."

ఇప్పుడా జేసీబీ చప్పుడు హాషం ఇంటి దగ్గర నుంచే వస్తోంది. మంజుల చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో ఆమెకు చూడకుండానే తెలుసు. ఆ వార్డు కౌన్సిలర్ ఆమే.

మున్సిపాలిటీలో వార్డుల్ని మళ్ళీ విడగొడుతున్నారు. వార్డు గీత రోడ్డు మీదుగానో వాగు మీదుగానో పోవాలి తప్ప ఇంటి నడుమ నుంచి పోకూడదు. పోయినసారి మంజుల చేతిలో ఓడిపోయిన దేవేందర్ ఒక ప్రైవేటు సర్వేయర్‌ను పట్టుకుని పటం గీయించి పైకి పంపాడు. అందులో చావిడి బస్తీని నిలువునా చీలుస్తూ ముప్పై అడుగుల రోడ్డు ఉంది. పటంలో మాత్రమే ఉంది. నేల మీద చూస్తే ఆ రోడ్డుకు అడ్డంగా హాషం ఇల్లుంది.

ఆ గీత ఖాయమైతే బస్తీలో సగం ఓట్లు ఇటు కొత్త కాలనీలో, సగం అటు కొత్త కాలనీలో కలిసిపోతాయి. ఇక బస్తీ మనిషి ఎవరూ ఎప్పటికీ గెలవరు. అడిగే మనిషి కౌన్సిల్లో లేకపోతే దేవేందర్ ప్లాట్ల వెంచర్ పక్కనున్న ఖబరస్తాన్‌ను, సమాధులతో సహా, మింగేస్తుంది. అందుకే మంజుల అభ్యంతరం పెట్టింది. రేపు పొద్దున తానే వచ్చి ఆ గీత పొడవునా నడిచి చూస్తానని ఆఫీసర్ కబురు చేశాడు.

రోడ్డు ఉంటే గీత ఉంటుంది. ఇల్లు ఉంటే గీత పోతుంది.

దేవేందర్ గీత ముందు గీశాడు. ఇప్పుడు దానికి సరిపడా రోడ్డు చేయడానికి వచ్చాడు.

* * *

గల్లీ మొదట్లో నల్ల కారు అడ్డంగా ఆగి ఉంది. జేసీబీ అప్పటికే లోపలికి దూరింది. హాషం ఇంటికి ఎదురుగా, నడిగల్లీలో అలాయి గుండం ఉంది. నడుం లోతు గొయ్యి. అందులో రాత్రంతా చింత మొద్దులు మండాయి, చుట్టూ జనం ఎగిరి ఆడారు. పైన బూడిద కప్పుకుని చూడ్డానికి మామూలు నేలలా ఉంది గానీ, కింద నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పీరు తిరిగొచ్చాకే దాన్ని మట్టితో పూడుస్తారు. జేసీబీ గుండం పక్క నుంచి గోడను రాసుకుంటూ వచ్చి, ఇంటి ముందు ముక్కు పెట్టి ఆగింది. గుండం ఇప్పుడు దాని వెనక ఉంది.

దేవేందర్ తెల్ల చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. అతనితో ముగ్గురు మనుషులు. ఇద్దరు ఎవరో కొత్తవాళ్ళు. మూడోవాడు భిక్షం. ఈ బస్తీలోనే పుట్టి పెరిగినవాడు.

భిక్షం చెప్పులు విడిచి, గుండం చుట్టూ వేసిన ముగ్గు గీతకు దూరంగా నిలబడి ఉన్నాడు.

"గదేంరా, గుళ్ళెకొచ్చినట్టు చెప్పులిడ్సినవ్?" అని దేవేందర్ నవ్వాడు.

"గుండం అన్నా. కల్లు తాగిన నేను. గా ముగ్గు దాటొద్దు."

"దాటితె ఏమైతదిరా?"

"ఏమైతదో తెల్వది. దాటొద్దు, గంతే."

మంజుల వచ్చి ఇంటి గుమ్మానికి అడ్డం నిలబడింది. రొప్పుతోంది.

"దేవేందరన్నా, లోపల ముసల్ది ఉన్నది. బండి ఎనక్కి తియ్యమను."

"ఓ, కౌన్సిలరమ్మా! నువ్వు పోలేదా ఊరేగింపుకు?"

"మైల."

"అయ్యో పాపం. మైల మనిషివి ఇంట్ల ముడుసుకొని కూసోవాలె గని గల్లీల పొంటి ఎందుకు తిరుగుతున్నవ్?" అతను గొంతు తగ్గించాడు. "జరుగు. ఇల్లు కొత్తది కట్టిస్త హాషంకు. డబల్ కట్టిస్త. రేపు పొద్దుగాలకు ఈడ రోడ్డు కావాలె నాకు."

"నీ పటంల ఉన్నది గద రోడ్డు. దాని మీన్నే నడువు."

దేవేందర్ మొహంలో నవ్వు పోయింది. కొత్తవాళ్ళ వైపు చూసి తల ఊపాడు.

ఒకడు మంజులను జుట్టు పట్టి గుమ్మం నుంచి లాగేశాడు. ఆమె గోడకు కొట్టుకుంది. కనుబొమ్మ చిట్లి ఒక కన్ను నిండా రక్తం. రెండోవాడు లోపలికి పోయాడు, ముసలమ్మను మంచంతో సహా బయట పెడదామని.

హాషం తల్లి గులాబ్ బీ నులకమంచం మీద కూర్చుని, వీపుకు దిండు పెట్టుకుని, ఇమాందస్తాలో, ఆ చిన్న ఇత్తడి రోట్లో, యాలకులు దంచుతోంది. పీరు తిరిగొచ్చాక పంచే మలీద కోసం, రొట్టెలూ బెల్లమూ నలిపి చేసే ప్రసాదం కోసం.

"నడు అవ్వా, లే. బైటికి పోదాం."

"ఎవని కొడుకువు బేటా నువ్వు?"

"ఎవనిదైతె నీకేంది? లే."

అతను మంచం కోళ్ళు పట్టడానికి వంగాడు. గులాబ్ బీ ఇత్తడి రోకలి రెండు చేతులా ఎత్తి అతని నడినెత్తిన దించింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. అతను మోకాళ్ళ మీద పడి, అటు నుంచి పక్కకు ఒరిగి, మళ్ళీ లేవలేదు.

"యా అల్లా, యాలకులన్ని కింద పడ్డయి," అంది గులాబ్ బీ.

బయట మంజుల తన జుట్టు పట్టుకున్నవాడి మణికట్టును పళ్ళతో పట్టింది. ఎముక తగిలేదాకా వదల్లేదు. వాడు అరిచి పిడికిలి సడలించగానే ఇంట్లోకి దూకి తలుపు గడియ పెట్టింది. కింద పడ్డవాడి జేబులోంచి బటన్ల ఫోన్ తీసి హాషంకు చేసింది. మోగుతూనే ఉంది. వాగు దగ్గర డప్పుల నడుమ ఎవరికి వినబడుతుంది?

"లేస్తవా అమ్మీ? ఎనక కిటికిల నుంచి దించుత."

"నేను లేస్తె ఇది ఖాళీ ఇల్లయితది బిడ్డా. ఖాళీ ఇల్లు కూలగొడ్తె అడిగెటోడు ఉండడు." ముసలామె కింద పడ్డవాణ్ణి చూపించింది. "ఈన్ని జర ఆ మూలకు జరుపు. మీద గోడ గిట్ల పడ్తది."

మంజుల వాణ్ణి చంకల కింద పట్టి వెనక మూలకు ఈడ్చింది. బయట దేవేందర్ గొంతు. "కొట్టు!"

"సార్, లోపల మనుషులున్నరు. మనోడు గూడ లోపల్నే ఉన్నడు." అది డ్రైవర్ ధర్మేందర్. పొద్దున కిరాయి మాట్లాడుకుని వచ్చినవాడు, ఈ బస్తీ ముఖం ఎన్నడూ చూడనివాడు.

చెంప పగిలిన చప్పుడు.

"కొట్టమన్ననా లేదా?"

బకెట్ పళ్ళు ముందు గోడలోకి దిగాయి. మట్టి గోడ ఒక్కసారి వణికింది, తర్వాత లోపలికి ఒరిగి పడింది. దుమ్ము. పెంకుల వాన. నడిదూలం ఒక కొస ఊడి మంచం మీద పడింది. గులాబ్ బీ పళ్ళు బిగబట్టి గాలి లోపలికి పీల్చింది. ఆమె ఎడమ కాలు మోకాలి కింద ఎటు తిరగకూడదో అటు తిరిగింది.

మంజుల దూలం కిందికి భుజం పెట్టి లేపింది. దొర్లించింది. గోడ ఉన్న చోట ఇప్పుడు వెలుతురు. ఆ వెలుతురులో బకెట్ రెండో దెబ్బకు పైకి లేస్తోంది. ఇంకో దెబ్బ పడితే కప్పు మొత్తం కూలుతుంది.

ఆమె ఆ కంతలోంచి బయటికి ఉరికింది. జేసీబీ పక్క నుంచి సందులా మిగిలిన చోట దూరి వెనక్కి పోయింది. గుండం ఒడ్డున రాత్రి నిప్పు ఎగదోసినవాళ్ళు వదిలేసిన పార, ఇనుప తట్ట.

"ఏయ్, మంజులక్కా!" భిక్షం కేక పెట్టాడు. "మైల మనిషివి! ముట్టకు గుండం! నీకు పుణ్యముంటది!"

మంజుల ముగ్గు దాటింది.

పార బూడిదలోకి దిగగానే ఎరుపు బయటపడింది. రెండు పారలు తట్టలో పోసింది. కొంగు చుట్టి ఎత్తింది. కొంగు మాడింది, అరచేతులు మాడాయి, ఆమె వదల్లేదు. సందులోంచి ముందుకు వచ్చింది. క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. డ్రైవర్ చెంప మీద కొట్టడానికి దేవేందర్ తెరిచిన తలుపు.

తట్టలోని నిప్పులన్నీ ధర్మేందర్ ఒళ్ళో పోసింది.

వాడి కేక డప్పులకన్నా గట్టిగా వినబడింది. లుంగీ అంటుకుంది. ఒక చేత్తో ఒళ్ళు దులుపుకుంటూ, ఇంకో చేత్తో గేరు వెనక్కి లాగాడు. ముందున్న ఆ మనిషికి దూరంగా పోవాలన్నదొక్కటే వాడి బుద్ధిలో ఉంది.

ఇరుకు గల్లీలో జేసీబీ వెనక్కి వచ్చేటప్పుడు వెనక ఒక మనిషి నిలబడి 'రానీ, రానీ, ఆగు' అని చెబుతాడు. ఆ పని భిక్షంది. కానీ అక్కడ నిలబడాలంటే ముగ్గు లోపల నిలబడాలి. కల్లు తాగినవాడు. అందుకని వాడు ముందు వైపు, ఇంటి పక్కన నిలబడి ఉన్నాడు.

వెనక ఎవరూ లేరు.

పెద్ద వెనక చక్రం గుండంలోకి దిగింది. బండి మొత్తం ఆకాశం వైపు మూతి ఎత్తి, పక్కకు వంగి, గొయ్యిలో కూలబడింది. పైపు తెగి నూనె చిమ్మింది. నిప్పుల మీద పడ్డ నూనె భగ్గున లేచింది. ధర్మేందర్ క్యాబిన్‌లోంచి దూకి, మండుతూ మట్టిలో దొర్లాడు. మంజుల ఇంటి ముందున్న తాగునీళ్ళ డ్రమ్మును తోసి అతని మీద బోర్లించింది.

టైరు అంటుకుంది. నల్లటి పొగ నిలువుగా లేచింది. నాదర్‌గుల్ నుంచి ఎగిరిన శిక్షణ విమానం ఒకటి బస్తీ మీద తిరుగుతూ ఆ పొగను తప్పించుకుని పక్కకు మళ్ళింది.

* * *

వాగు ఒడ్డున హాషం ఆ పొగ చూశాడు.

పీరు భుజానికెక్కాక వాగు తాకేదాకా వెనక్కి తిరగదు. అతని తండ్రి తిప్పలేదు, తాత తిప్పలేదు. వాన పడినా, లాఠీ పడినా తిప్పలేదు. నీళ్ళు ఇంకా నాలుగు అంగల్లో ఉన్నాయి. హాషం పొగను చూశాడు, పీరును చూశాడు.

తిప్పాడు.

డప్పులు ఆగిపోయాయి. ముజావర్ పరుగెత్తుతుంటే జనమూ పరుగెత్తారు.

* * *

గల్లీలో దేవేందర్ చేతికి ఇనుప రాడ్ వచ్చింది. మొదటి దెబ్బ మంజుల ఎడమ మోచేతి మీద పడింది. లోపల ఏదో విరిగిన శబ్దం ఆమెకే వినబడింది. రెండోది వీపున పడింది. బోర్లా పడి, పాకుతూ పార అందుకుంది.

"ఒక్క ఇల్లు!" దేవేందర్ గొంతు చీలిపోతోంది. "ఒక్క గుడిసె! భిక్షం, చేత్తోనన్న కూలగొట్టురా! గడ్డపార తియ్యి! కప్పు గుంజి పారేయ్!"

భిక్షం గడ్డపార ఎత్తాడు. ఇంట్లోకి చూశాడు. విరిగిన కాలుతో గులాబ్ బీ అతన్నే చూస్తోంది.

"భిక్షం, నువ్వారా? దా. నీకు పురుడు పోసిన ఇల్లే గద ఇది. మీ అమ్మకు నొప్పులొస్తె వానల ఈడికే తోల్కొచ్చిండ్రు. అదిగో, ఆ మూలకే పుట్టినవ్. ముందు గాడ్నే కొట్టు."

గడ్డపార గాలిలోనే ఆగింది. అప్పుడే గల్లీ మొదట్లో అద్దాలు పగిలిన చప్పుడు. నల్ల కారు మీదుగా జనం ఎక్కి దిగుతున్నారు. అందరికన్నా ముందు హాషం. భుజం మీద పీరు, దానికి కట్టిన దట్టీ గుడ్డలు గాలికి కొట్టుకుంటున్నాయి. మంజుల చేత కరిపించుకున్న కొత్తవాడు గోడ దూకి పారిపోయాడు. భిక్షం గడ్డపార పడేసి నేల మీద సాగిలపడ్డాడు. వాడి మీద నుంచి తొక్కుకుంటూ పోయారు జనం.

దేవేందర్ రాడ్ ఊపుతూ వెనక్కి నడిచాడు. ఆ ఊపులో మంజులను మరిచిపోయాడు. ఆమె ఒంటిచేత్తో పార తిప్పి అతని మోకాలి చిప్ప మీద కొట్టింది. అతను కూలాడు. తర్వాత తెల్ల చొక్కా కనబడలేదు. డప్పు కర్రలు, చెప్పులు, మోచేతులు, మడమలు. ఎవరో బండరాయి ఎత్తారు.

"సంపకుండ్రి!" మంజుల అరిచింది. ఎవరూ వినలేదు. ఆమె పాకి పోయి ఆ గుంపు కాళ్ళ మధ్య దూరి, దేవేందర్ తల మీద అడ్డంగా పడింది. "ఆగుండ్రి! ఈడు సస్తె పోలీసులు గల్లీ బంద్ వెడ్తరు! రేపు ఆఫీసర్ను రానియ్యరు! నడ్వకపోతె గీత గట్లనే ఉంటది! ఈని పటమే గెలుస్తది!"

రాయి ఎత్తినవాడు ఆగాడు.

"గట్లనా అక్కా?"

"అవ్. రాయి కింద వెట్టు. నా మీద వెట్టకు, పక్కకు వెట్టు."

రాయి పక్కన పడింది. ఆమె కింద దేవేందర్ రక్తపు బుడగలు ఊదుతూ ఊపిరి పీలుస్తున్నాడు. బతికే ఉన్నాడు.

* * *

పోలీసులు వచ్చి దేవేందర్‌నూ భిక్షాన్నీ, నెత్తి పగిలినవాణ్ణీ, కాలిన డ్రైవర్‌నూ తీసుకుపోయారు. అంబులెన్స్ రెండోసారి గులాబ్ బీ కోసం వచ్చింది. ఆమె మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

"అమ్మీ, కాలు చూస్కున్నవా?" హాషం ఏడుస్తున్నాడు. "దవాఖానకు పోదాం. నీ కాళ్ళు మొక్కుత."

"గా ఆఫీసర్ రావాలె. సూడాలె. నేను లేస్తె ఇల్లు లేస్తది బేటా."

నిజానికి ఇల్లు లేచేలా లేదు, పడేలా ఉంది. ముందు గోడ లేని కప్పు ఒక పక్కకు దిగుతూ, కిర్రుమంటోంది. బస్తీ డాక్టర్ ఒకాయన ముసలామె కాలికి చెక్కలు కట్టి, నొప్పికి సూది వేసి పోయాడు. మంజుల మెడకు చున్నీ కట్టి అందులో చేయి వేలాడదీసుకుని గల్లీలో నిలబడింది. ఆమెదీ రత్నాకర్‌దీ సెంట్రింగ్ సామాను కిరాయి కొట్టు. స్లాబులు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనుప జాకీలు, పలకలు.

"ఏమున్నయో అన్ని తేండ్రి. జాకీలు దూలం కిందికి. ముందు నడుమ వెట్టుండ్రి, తర్వాత కొసకు. పలక లేకుంట వెట్టకు తమ్మీ, నేల్ల దిగవడ్తది."

పొద్దు గూకేలోపు హాషం ఇల్లు ఇనుప కాళ్ళ మీద నిలబడింది. పీరును నేల దించకూడదు గనక, హాషం దాన్ని భుజాన మోస్తూనే ఆ జాకీల మధ్య కూర్చున్నాడు. చేయి మొద్దుబారితే భుజం మార్చుకున్నాడు. ఎవరికీ ఇవ్వలేదు.

పొద్దున ఆఫీసర్ వచ్చాడు. రమాకాంత్ అని, వేరే జిల్లా నుంచి ఈ పనికోసం వేసిన మనిషి. చేతిలో పటం, వెనక టేపు పట్టుకున్న ఇద్దరు. గల్లీ మొదటి నుంచి గీత వెంబడి నడిచాడు. కాలిన జేసీబీ దగ్గర ఆగాడు. దాని చక్రం చుట్టూ ఇంకా వేడి వస్తోంది. పక్కకు తిరిగి సందులోంచి దూరాడు. ముందు జాకీలు, జాకీల నడుమ మంచం, మంచం మీద ముసలామె.

అతను పటం చూశాడు. ముసలామెను చూశాడు.

"ఇక్కడ ముప్పై అడుగుల రోడ్డు ఉండాలే?"

"ఉన్నది సార్," అంది మంజుల. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. "నడువుండ్రి. అవ్వ మంచం మీదికెంచి నడువుండ్రి."

రమాకాంత్ పటం మడిచాడు.

"చెప్పులిడ్సి లోపలికి రా బేటా," అంది గులాబ్ బీ. "మలీద తిను. యాలకులు తక్కువ పడ్డయి, ఏమనుకోకు."

అతను బూట్లు విప్పాడు. లోపలికి వచ్చాడు. కూలిన గోడ మొదలు నుంచి వెనక గోడ దాకా టేపు పట్టించి, ఇల్లు ఎంత మేరకు గీత మీద ఉందో కొలిపించాడు. ఫోటోలు తీయించాడు. తర్వాత మంచం అంచున కూర్చుని, పటం మోకాళ్ళ మీద పరుచుకుని, ఎర్ర పెన్నుతో ఆ రోడ్డును ఈ కొస నుంచి ఆ కొస దాకా కొట్టేశాడు. కొత్త గీతను బస్తీ అంచున, వాగు వెంబడి గీశాడు. బస్తీ మొత్తం గీతకు ఇవతలే మిగిలింది.

"ఇది నేను పంపిస్తాను. నా సంతకంతోనే పోతుంది," అన్నాడు. మలీద ఇంత నోట్లో వేసుకుని బూట్లు తొడుక్కుని పోయాడు.

అతని వీపు సందులోంచి కనుమరుగయ్యేదాకా ముసలామె చూసింది. అప్పుడు మంచం కోడు వదిలింది. వేళ్ళు ముడుచుకుపోయి వెంటనే తెరుచుకోలేదు.

"ఇగ తీస్కపోండ్రి దవాఖానకు. రాత్రంత పానం పోయింది."

మంచంతో సహా ఆమెను ఎత్తారు. డప్పులవాళ్ళు లేచారు. పీరు మళ్ళీ వాగు దారి పట్టాలి. గుండం దగ్గర సందు ఇరుకై మంచం కాసేపు ఆగింది. గులాబ్ బీ తల తిప్పి గొయ్యిలో కూలబడ్డ బండిని చూసింది.

"పీరు మర్లి వచ్చేసరికి గుండం పూడ్వాలె గద. మరి గిది?"

"గుంజాలె అమ్మీ," అంది మంజుల. "ఇంకో జేసీబీ పిలవాలె."

"పిలువు. ఈపారి వచ్చెటోనికి ముందుగాల గుండం ఏడున్నదో సూపెట్టు."

మంజుల నవ్వబోయింది. పక్కటెముకలు పట్టుకుని అక్కడే గోడకు ఒరిగి కూర్చుంది.